తొమ్మిది బై పది గదిలో తఖ్తు

పోయిన ఏడాది ఆషాఢంలో ఒక మధ్యాహ్నం కూరగాయల సంచితో ఇంటికొచ్చేసరికి మా పెద్దమ్మ మేడమెట్ల మీద కూచుని ఉంది. ఒళ్లో ఉస్మానియా ఆస్పత్రి చీటీలున్న ప్లాస్టిక్ కవరు, పక్కన తువ్వాలు చుట్టిన టిఫిన్ డబ్బా. షాద్‌నగర్ అవతలి ఊళ్లో తెల్లారకముందే బస్సెక్కి, ఓపీ లైన్లో నిలబడి, ఎండలో ఆటో పట్టుకుని వచ్చిన మనిషి. కింద తలుపుకి నేను తాళం వేసి పోయాను. మేడ మీద గదిలో ఫ్యాను ఉంది, సోఫా ఉంది. ఆ గది నీదే పెద్దమ్మా అని వచ్చినప్పుడల్లా మేమే అంటాం.

"ఇక్కడెందుకు కూసున్నవ్ పెద్దమ్మా?"

గొంతు బాగా తగ్గించి చెప్పింది. "లోపల అల్లుడు మీటింగుల ఉండు బిడ్డా. అల్లుడు మాట్లాడుతుంటే ఎట్ల పోను? అయినంక పోతతియ్."

ఎంతసేపైందో చెప్పలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి లేచిన తీరు చూస్తే తెలిసింది. మా ఆయనకి ఆమె వచ్చిన సంగతే తెలియదు, చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. తెలిశాక ఆ సాయంత్రమంతా మాట లేకుండా తిరిగాడు. ఇంట్లో ఎవరి తప్పూ లేదు. తప్పంతా గదిలో ఉంది. ఆ గదిని మేం సర్దిన పద్ధతిలో ఉంది. ఈ కథనం ఆ పద్ధతిని మార్చుకున్న సంగతి. ఇలాంటి గది ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది, ఇలా మెట్ల మీద కూచునే పెద్దవాళ్లూ ఉన్నారు. అందుకే కొలతలతో సహా రాస్తున్నాను.

మా ఇల్లు పురానాపూల్ దర్వాజాకి నాలుగు సందుల అవతల. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1578లో, గోల్కొండ నుంచి మూసీ దాటడానికి కట్టిన వంతెన పురానాపూల్. 22 కమానులు, దాదాపు 600 అడుగుల పొడవు. చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. పారిస్‌లో సీన్ నది మీది పాంట్ న్యూఫ్ వంతెనకి పునాది పడిందీ 1578లోనే. 17వ శతాబ్దంలో ఇటొచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ రెండింటినీ పోల్చి, మనదాని అందం దానికి పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద దెబ్బ తిని, బాగు చేయించుకుని ఇప్పటికీ నిలబడి ఉంది. ఒకప్పుడు రాజుల గుర్రాలు నడిచిన చోట ఇప్పుడు గోంగూర కట్టలు, పచ్చిమిర్చి కుప్పలు. మా ఇంట్లో వండే కూర చాలావరకు అక్కడిదే.

ఇక్కడ ఇంటిని గజాల్లో చెబుతారు. మాది 60 గజాలు. మేడ మీది గది తొమ్మిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు, అంటే సరిగ్గా 10 గజాలు. మా జాగాలో ఆరో వంతు. ఇంత పెద్ద వాటాని ఏడాదికి పాతిక రోజులు వచ్చే చుట్టం కోసం ఖాళీగా ఉంచే స్తోమత పాతబస్తీలో ఎవరికుంది? 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మా ఆయన లెక్కల పని మాదాపూర్ నుంచి ఇంటికి చేరినప్పుడు, ఆ గదిలోకే చేరింది. రాత్రిపూట నా రాత పని కూడా అక్కడే. చుట్టాల గది కాస్తా ఆఫీసు అయింది. చుట్టాలు మాత్రం రావడం మానలేదు.

మానరు కూడా. పాతబస్తీకి ఊళ్ల నుంచి మనుషులు ఊరికే రారు. బోనాలకి వస్తారు, పెళ్లిబట్టలకి వస్తారు, బేగంబజారులో సామాన్లకి వస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా వైద్యానికి వస్తారు. ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. అది మాకు ఇంకా దగ్గర. అందుకే మా గదిలో పడుకునే మనిషి సెలవు మీద సరదాగా వచ్చిన వాడు అయ్యే అవకాశం తక్కువ. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మో, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న రోగో, రాత్రంతా వార్డు వరండాలో మేలుకున్న తోడుమనిషో అవుతారు. గదిని సర్దేటప్పుడు మొదట తలుచుకోవాల్సిన మనిషి వాళ్లే. మేం ఆ మనిషిని చివర తలుచుకున్నాం.

మొదట కొన్నది సోఫా కమ్ బెడ్. షాపులో కుర్రాడు ఒక్క చేత్తో లాగి పరిచి చూపించాడు, బాగుంది. ఇంటికొచ్చాక దాన్ని పరవాలంటే ముందు కంప్యూటరు బల్ల జరపాలి. బల్ల జరపాలంటే వైర్లు పీకాలి. వైర్లు పీకాలంటే మా ఆయన పని ముగియాలి. పరిచాక ఎత్తు 11 అంగుళాలు, ఆ ఎత్తు నుంచి లేవాలంటే పెద్దమ్మకి ఇద్దరం చేతులివ్వాలి. నడుం కింద ఇనప కమ్మీ తగిలేది. పొద్దున ఆరింటికే లేచి తనే పరుపు మడిచేసేది, "అల్లునికి పనుంటదిగద" అని. మూడేళ్లు అలా మడుస్తూనే ఉంది. మాకది మర్యాదగా కనబడిందేగాని, ఆమెకి ఇబ్బంది అని తట్టలేదు.

మెట్ల సంగతి జరిగాక మా ఆయనే అన్నాడు, గోడకి నిలబెట్టే మంచం చేయిద్దాం అని. పగలు బీరువాలా గోడకి ఆని ఉంటుంది, రాత్రి కిందకి దించుకోవచ్చు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం మర్ఫీ అనే ఆయన 20వ శతాబ్దం మొదట్లో ఒంటిగది కాపురం కోసం చేసిన ఏర్పాటది. ఇప్పటికీ ఆయన పేరే చెప్పి అమ్ముతారు. ఆ పని కోసం పిలిస్తే వచ్చిన వడ్రంగి మేస్త్రీ కొలతలు తీయలేదు. వేలు మడిచి గోడ మీద నాలుగు చోట్ల కొట్టి విన్నాడు. ఒకచోట ఠక్ మంది, మూడుచోట్ల మొద్దుగా దబ్ మంది.

"అక్కా, ఇది డంగు సున్నం గోడ. లోపల రాయి, మట్టి. బోల్టు పడితే రాయి మీద పడాలె, లేకుంటే సున్నంల పడుతది. మంచం, పరుపు కలిస్తె ఎనభై కిలోలు. రోజూ ఎత్తి దించుతుంటే ఏడాదికి గోడతోని వస్తది. కింద పెద్దమ్మ పండుకుంటది గదా."

పాత ఇళ్లలో ఉండేవాళ్లు ఈ మాట రాసి పెట్టుకోండి. మా గోడ మందం అడుగున్నర. వేసవిలో చల్లగా ఉండడానికి ఆ మందం, ఆ సున్నమే కారణం. కానీ బరువును వేలాడదీయడానికి అది పనికిరాదు. అలాంటి గదిలో ఏ సామానైనా తన కాళ్ల మీద తను నిలబడాలి. ఇంకొకటి, డంగు సున్నం గోడ చెమ్మను పీల్చి గాలికి వదిలేస్తుంది. దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మకి దారి మూసుకుపోయి లోపల్నుంచి పొక్కులు లేస్తుంది. మేం ఆ తప్పూ చేశాం. గీకించి మళ్లీ సున్నమే వేయించాం. చెక్క సామాన్ని గోడకి రెండంగుళాలు ఎడంగా పెడుతున్నాం. మూసీ ఒడ్డున వానాకాలం అంటే బీరువాలో బట్టలకి కూడా వాసన వచ్చే కాలం.

మేస్త్రీ ఆ మంచం చెయ్యనన్నాక వారం రోజులు గదిలోకి వెళ్లి ఊరికే నిలబడి చూసేదాన్ని. జవాబు ఆ గదిలో దొరకలేదు. చుడీబజారు వైపు ఒక పాత ఇంట్లో దొరికింది. వాళ్ల పెద్దాయన పోతే పలకరించడానికి వెళ్లాం. దీవాన్‌ఖానాలో కూచోబెట్టారు. ఒక తఖ్తు, అంటే బల్లమంచం, దాని మీద తెల్లటి చాందినీ దుప్పటి బిగించి పరిచి ఉంది, గోడవైపు రెండు గుండ్రటి దిండ్లు. పెద్దాయన బతికున్నన్నాళ్లూ పగలు దాని మీదే కూచుని కిరాయి లెక్కలు రాసుకునేవారట. వచ్చినవాళ్లతో అక్కడే మాట్లాడేవారు. రాత్రి చుట్టాలొస్తే వాళ్ల పడక అదే. ఎవరూ దేన్నీ మడవలేదు, లాగలేదు, జరపలేదు. లెక్కల పుస్తకాలు మాత్రం పెట్టెలో పెట్టి తీసుకెళ్లిపోయేవారు.

అక్కడ నాకు మా ఇంటి తప్పు అర్థమైంది. మేం మడవకూడని దాన్ని మడుస్తున్నాం. రోజూ మడిచి దాచాల్సింది ఆఫీసు. పడక ఎప్పుడూ పరిచే ఉండాలి. వచ్చిన మనిషి తలుపు తీయగానే తనకోసం పడక సిద్ధంగా కనబడాలి. ఎవరి పనికీ అడ్డం వచ్చానన్న ఆలోచన ఆమెకి రాకూడదు.

ఇది కొత్త సంగతేం కాదు, మనమే మరిచిపోయాం. బేగంబజారు సావుకార్ల పాత గద్దీల్లో నేల మీద పరుపు, దాని మీద తెల్లదుప్పటి, గుమాస్తా ముందు ఏటవాలుగా ఉండే చిన్న పెట్టెబల్ల. దాని మూత ఎత్తితే కలం, సిరా, చిట్టాలు. మన ఊళ్లల్లో పట్వారీ ఆఫీసంతా ఒక గుడ్డలో కట్టిన దఫ్తరు. ఎక్కడ విప్పితే అక్కడే కచేరీ, కట్టేస్తే మళ్లీ ఇల్లు. కోస్తా వైపు మండువా ఇళ్లలో భోషాణం ఉండేది. లోపల ధాన్యమో, ఇత్తడి సామానో, పత్రాలో ఉండేవి, మూత మీద పక్క పరుచుకుని ఇంటి పెద్ద పడుకునేవాడు. ఇవాళ షాపుల్లో స్టోరేజీ బెడ్ అని కొత్త సరుకులా అమ్ముతున్నది అదే. నవారు మంచం, నులక మంచం అయితే పొద్దున్నే గోడకి నిలబడి వాకిలి ఖాళీ చేసేవి. బట్టలకి చిలక్కొయ్య, దండెం. దీపానికి, పుస్తకానికి గోడలోనే గూడు. సామాను తక్కువ, ఒక్కొక్క దానికి పనులు ఎక్కువ.

సామాను విషయంలో హైదరాబాద్‌లో రెండు కొసలూ ఉన్నాయి. మా ఇంటికి కాస్త దూరంలో పురానీ హవేలీ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల కోసం అక్కడ రెండంతస్తులుగా కట్టిన చెక్క అల్మారాల వరుస దాదాపు 176 అడుగులు పొడవుంటుంది. ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్ 1937 ఫిబ్రవరిలో ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కారు. ఆయన మాత్రం కింగ్‌కోఠిలో ఒక మామూలు గదిలో, కాగితాల మధ్యే పడక వేసుకుని గడిపారని చూసినవాళ్లు రాశారు. అలాంటి చిన్న గదే ఇంకొకటి ఉంది. ఫ్రాన్సు సముద్రతీరంలో వాస్తుశిల్పి లె కార్బూజియే 1952లో తనకోసం కట్టుకున్న చెక్క గది పొడవూ వెడల్పూ సమానం, ఒక్కో వైపు 3.66 మీటర్లు. మన లెక్కలో 12 బై 12. చండీగఢ్ నగరానికి ప్లాను గీసిన మనిషి తన వేసవులన్నిటికీ ఆ గది చాలనుకున్నాడు. పడక, కిటికీ పక్కన బల్ల, కూచోడానికి పీటలుగా చెక్క పెట్టెలు. అంతటివాడు కూడా పని పెరిగాక ఆ పనినే పక్కన ఒక చిన్న షెడ్డులోకి మార్చాడు, పడకను కదపలేదు. ఆ సంగతి చదివినప్పుడు మా పెద్దమ్మే గుర్తొచ్చింది.

ఇక మా గది. పొడవు తూర్పు పడమరలు, వెడల్పు ఉత్తర దక్షిణాలు. తూర్పున సందులోకి కిటికీ. తఖ్తుని ఉత్తరం గోడ పొడవునా, పడమటి మూల నుంచి వేయించాం. పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడు. దివాన్ కాట్ అంటే షాపుల్లో ఇదే దొరుకుతుంది, కానీ వాటికి ఒకవైపు ఎత్తయిన తలాపి ఉంటుంది. మేం తలాపి వద్దన్నాం. కారణం చెబుతాను. మా పెద్దమ్మ తూర్పుకి తల పెట్టుకుంటుంది. మా మేనమామకి కిటికీ నుంచి గాలి తలకి తగలకూడదు, పడమటికి పెడతాడు. ఉత్తరానికి తల పెట్టమంటే మనవాళ్లు ఎవరూ పడుకోరు, మంచాన్నే తిప్పుతారు. తలాపి లేని పడక ఎవరికి వారు దిక్కు చూసుకునే పడక. మా ఆయన పాత స్నేహితుడు ఒకాయన రంజాన్ నెలలో రెండు రోజులున్నాడు. నమాజుకి పడమటి వైపు జానిమాజ్ పరుచుకోడానికి నేల ఖాళీగా ఉండడం చూసి, అడగకుండానే జాగా ఇచ్చారు అన్నాడు. ఆ మాట కోసం మేం ఏమీ ప్రత్యేకంగా చెయ్యలేదు, నేలను ఖాళీగా ఉంచాం అంతే.

ఎత్తు గురించి మేస్త్రీతో చాలాసేపు వాదన అయింది. సొరుగులు పెద్దవి కావాలని నాకు, తఖ్తు ఎత్తు పెరిగితే ముసలివాళ్ల కాళ్లు నేలకి ఆనవని ఆయనకి. చివరికి ఇలా తేలింది. కింద ఐదు అంగుళాలు ఖాళీ, చీపురు పోవాలి. ఎనిమిది అంగుళాల సొరుగు. ఒక అంగుళం పలక. మొత్తం 14. దాని మీద నాలుగంగుళాల పరుపు వేస్తే 18. మామూలు కుర్చీ ఎత్తు కూడా అదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చెయ్యి సాయం లేకుండా కూచుని లేవగలిగే ఎత్తు. పెట్టెలా మూత పైకెత్తే రకం మంచం వద్దని నా గట్టి అభిప్రాయం. పడుకున్న మనిషిని లేపితేగాని దుప్పటి తీసుకోలేని మంచం చుట్టానికి పనికిరాదు. ముందుకు లాగే సొరుగులైతే ఆమె పడుకునే ఉండగా తీయొచ్చు. రెండు సొరుగుల్లో ఒకటి మా దుప్పట్లకి, ఒకటి ఎప్పుడూ ఖాళీ. వచ్చినవాళ్లు సంచిలోంచి బట్టలు తీసి అందులో పెట్టుకుంటారు. మందులు, ఆస్పత్రి కాగితాలు, డబ్బులు పెట్టుకోడానికి దానికి తాళం.

మా మేడమెట్ల వెడల్పు రెండున్నర అడుగులు, మధ్యలో ఒక మలుపు. పాతబస్తీలో సామాను కొనేముందు గదిని కొలవడం కన్నా మెట్లను కొలవడం ముఖ్యం. సందు మొదట్లో ట్రాలీ ఆటో ఆగిపోతుంది, అక్కడి నుంచి తలమీదే. అందుకని తఖ్తుని రెండు ముక్కలుగా చేసి గదిలో బోల్టులు బిగించాం. ఒక్కో ముక్క మూడుంబావు బై మూడు. చట్రం పాత టేకు. ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే వాసాలు, ద్వారబంధాలు కోసి చేసిన చెక్క. ఏళ్ల తరబడి ఆరిన కర్ర కాబట్టి ఇక వంగదు, మేకులు మాత్రం చూసి పీకించుకోవాలి. సొరుగుల అడుగుకి ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడాం. నీళ్లు తగిలినా తట్టుకునే రకం అది. ఒత్తిన చెక్కపొడి పలకలు ఈ ఒడ్డున వద్దు. మేం ముందు కొన్న కంప్యూటరు బల్ల అలాంటిదే, రెండో వానాకాలానికి అంచులు అటుకుల్లా ఉబ్బాయి. కింది అంతస్తులో ఇలాంటి గది చేసుకునేవాళ్లు కాగితాలేవీ నేలకి దగ్గరగా పెట్టకండి. 2020 అక్టోబరు వానలు మన నగరం మరిచిపోదు, 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చాయి.

పరుపు దూదిది కుట్టించాం. ఫోమ్ పరుపు ఏప్రిల్, మే నెలల్లో వీపు కింద కాగుతుంది. దూది గడ్డ కడితే మళ్లీ ఏకించుకోవచ్చు, వారానికోసారి డాబా మీద ఎండలో వేయొచ్చు. వెన్ను నొప్పి బాగా ఉన్నవాళ్లకి కొబ్బరిపీచు పలక ఒకటి కింద వేస్తే గట్టిగా ఉంటుంది. పగలు దాని మీద తెల్ల చాందినీ, రెండు బాలీసులు. మా ఆయన వీడియో మీటింగుల్లో వెనక కనిపించేది అదే. నిర్మల్ బొమ్మల పటం ఒకటి పైన తగిలించాం. ఆ చిన్న మేకుని డంగు సున్నం మోసింది.

ఇప్పుడు ఆఫీసు. దక్షిణం గోడ దగ్గర మూడున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, పది అంగుళాల లోతుతో ఒక అల్మారా, తన కాళ్ల మీద తను నిలబడేది. నేల నుంచి 29 అంగుళాల ఎత్తులో దానికి ఒక పలక, కిందకి తెరుచుకుంటుంది. తెరిస్తే 20 అంగుళాలు ముందుకొచ్చి రాతబల్ల అవుతుంది. దాని బరువు మోయడానికి తలుపులా తిరిగే రెండు కాళ్లు ఉన్నాయి. గొలుసులతో వేలాడదీస్తే అల్మారాయే ముందుకి ఒరుగుతుంది, ఆ పని చెయ్యొద్దు. తఖ్తు అంచు నుంచి దక్షిణం గోడకి ఆరడుగులు. తెరిచిన బల్ల రెండున్నర అడుగులు తీసుకుంటే కుర్చీకి మూడున్నర మిగులుతుంది. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి అది చాలు. కిటికీ వెలుతురు ఎడమ పక్క నుంచి పడుతుంది, తెర మీద మెరుపు రాదు, రాసే చేతి నీడ కాగితం మీద పడదు. మూసేస్తే ఒక గళ్ల బీరువా, అంతే. 90 చదరపు అడుగుల గదిలో దాదాపు 67 అడుగుల నేల ఖాళీగా కనబడుతుంది.

బీరువా మూయడంతోనే ఆఫీసు దాగిపోదు, అసలు ఉపాయం పెట్టెది. మూత ఉన్న చిన్న చెక్కపెట్టె, పట్వారీ దఫ్తరుకి మనవడు. ల్యాప్‌టాప్, ఛార్జరు, హెడ్‌ఫోన్లు, రెండు ఫైళ్లు, క్యాలిక్యులేటరు అందులో పడతాయి. చుట్టం వస్తున్నారని ఫోన్ రాగానే పెట్టె కిందకి దిగుతుంది. వంటింటి పక్క చిన్న బల్ల మీద మా ఆయన ఆ రెండు మూడు రోజులు పని చేసుకుంటాడు. అక్కడ కుక్కరు విజిల్ వినబడుతుంది, మీటింగులో అవతలివాళ్లు అడుగుతారు కూడా. ఇంట్లో పెద్దమ్మ ఉంది, అన్నం వండుతున్నాం అని చెబుతాడు. ఎవరూ తప్పు పట్టలేదు. రౌటరుని మాత్రం మేడ మీద నుంచి మెట్ల మలుపులోకి మార్చాం, రెండు చోట్లా సిగ్నల్ రావాలి కాబట్టి.

కుర్చీ దగ్గర పొదుపు చెయ్యకండి. మిగతా అన్నిట్లోనూ పాతది, సెకండ్ హ్యాండుది చూడొచ్చు. జుమ్మేరాత్ బజారులో మాకు మంచి ఇత్తడి కొక్కాలు దొరికాయి. రోజుకి తొమ్మిది గంటలు కూచునే కుర్చీ మాత్రం నడుముకి ఆనే వెన్ను, ఎత్తు మార్చుకునే మర ఉన్నదే తీసుకోండి. చుట్టం ఉన్న రోజుల్లో అది కూడా కిందకి దిగుతుంది. దాన్ని గదిలోనే వదిలేస్తే వాళ్లు దాని మీద కూచోరు, బట్టలు వేయరు, దానికి దూరంగా నడుస్తారు. ఇది నేను కళ్లారా చూసి చెబుతున్న మాట.

కరెంటు గురించి రెండే మాటలు. పాత ఇంటి వైరింగ్ మీద ఎక్స్‌టెన్షన్ బాక్సులు గుచ్చుకుంటూ పోవద్దు. ఎర్తింగ్ చూపించి, బల్ల దగ్గర మూడు, పడక దగ్గర ఒకటి ప్లగ్గులు వేయించండి. పడక దగ్గరది ఫోన్ ఛార్జింగుకి, వేడినీళ్ల కెటిల్‌కి. ల్యాప్‌టాప్ 65 వాట్లు, రౌటరు 12, బీఎల్‌డీసీ ఫ్యాను 30, ఒక బల్బు 9. అన్నీ కలిపి 120 లోపే. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు నష్టాలన్నీ పోను పది గంటల దాకా లాగుతుంది. పాత ఫ్యాను ఒక్కటే 75 వాట్లు తాగుతుంది, ముందు దాన్ని మార్చండి. బల్ల మీద తెల్లటి 4000 కెల్విన్ బల్బు, పడక దగ్గర పసుప్పచ్చటి 2700 కెల్విన్ బల్బు. పడక దగ్గర బల్బు స్విచ్చి పడుకుని చెయ్యి చాపితే అందాలి. మెట్ల మీద రాత్రంతా వెలిగే చిన్న బల్బు. మా బాత్రూం కింద ఉంది, పెద్దవాళ్లు రాత్రి రెండుసార్లు దిగుతారు. గోడకి పట్టుకోడానికి ఇనప గొట్టం కూడా వేయించాం, రాయి దొరికిన చోట చూసి.

మిగిలినవి చిన్న సంగతులు, ఇల్లాళ్లకి తెలిసినవే. చీర ఆరేసుకోడానికి దండెం. లోపలి నుంచి వేసుకునే గడియ. ఈ గడియ మాకు అంతకుముందు లేదు. ఆఫీసు గదికి లోపలి గడియ ఎందుకు అనుకున్నాం. చీర మార్చుకోడానికి పెద్దమ్మ మూడేళ్లు కిందకి వచ్చేదని అప్పుడు ఆలోచన తట్టలేదు. ఒక చెంబు, గ్లాసు, విసనకర్ర. గోడ గూట్లో గడియారం, టిక్ టిక్ చప్పుడు లేనిది.

మీ ఇంట్లో ఇలాంటి గది ఉంటే సామాను కొనేముందు ఒక్క పని చెయ్యండి. చుట్టంలాగా చేతిసంచితో అందులోకి వెళ్లి ఒక రాత్రి పడుకోండి. సంచి ఎక్కడ పెడతారో, కళ్లద్దాలు ఎక్కడ పెడతారో, అర్ధరాత్రి లేస్తే కాలికి ఏం తగులుతుందో, తెల్లారి ఎన్నింటికి ఎవరి అలికిడికి లేవాల్సి వస్తుందో చూసుకోండి. మేం ఇద్దరం వేర్వేరు రాత్రులు పడుకున్నాం. గడియ సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది, మెట్ల బల్బు సంగతి మా ఆయనకి.

తఖ్తు వేయించాక పెద్దమ్మ మొదటిసారి వచ్చిన రోజు మధ్యాహ్నం నేను పైకి వెళ్లి చూస్తే గడియ వేసి ఉంది. తలుపు కొట్టలేదు. ఐదింటికి లేచి దిగి వచ్చింది. చాయ్ తాగుతూ, "మంచిగ నిద్ర పట్టింది" అంది. వచ్చే బుధవారం ఆమెకి మళ్లీ ఓపీ ఉంది. ఈసారి ముందురోజు సాయంత్రమే వస్తానంది. పెట్టె నిన్ననే కిందకి దించాం.